ఎర్ర మగ్గు ఎవరి దగ్గరుంది?

మా ఇంట్లో మనుషులం ఐదుగురం. స్నానాల గది ఒక్కటే. ఈ రెండు వాక్యాలు చదివి నిట్టూర్చినవాళ్ళకు మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. నిట్టూర్చనివాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళు కూడా చదవచ్చు.

ఒకప్పుడు గడియారం ప్రకారం వెళ్ళేవాళ్ళం. ఎవరి వేళ ఎప్పుడో రాసి తలుపు పక్కన అతికించింది మా ఆయన. ఆయనకు బీమా కంపెనీలో ఉద్యోగం. కాగితం మీద ఏ ప్రమాదాన్నయినా ఆపగలరు. మా అమ్మాయి లోపలికి వెళ్ళి తలుపేసుకుందంటే మాత్రం గడియారానిక్కూడా నీరసం వచ్చేది. ఒకరోజు నా వేళా, మా ఆయన వేళా, అత్తయ్యగారి వేళా అన్నీ తలుపు బయటే గడిచిపోయాక, అత్తయ్యగారు ఆ కాగితం పీకి పారేసి బజారు నుంచి ఒక ఎర్ర ప్లాస్టిక్ మగ్గు కొనుక్కొచ్చి శాసనం చేశారు. మగ్గు ఎవరి ముందుంటే వాళ్ళదే వంతు. బయటికొచ్చినవాళ్ళు దాన్ని తర్వాతి మనిషి ముందు పెట్టాలి. చేతిలో మగ్గు లేకుండా ఆ తలుపు ముట్టుకోకూడదు. అందరికంటే ముందు మామయ్యగారు, ఆఖరున నేను. ఆఖరి మనిషి మగ్గు కడిగి గోడకున్న మేకుకు తగిలించాలి. మర్నాడు పొద్దున అత్తయ్యగారు తప్ప దాన్ని మేకు మీంచి ఎవరూ దించకూడదు.

ఆవిడ చదువు ఐదో తరగతితో ఆగిందట. నయం. ఇంకా చదివుంటే మేమేమైపోయేవాళ్ళమో.

మామయ్యగారు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. కొత్తలో ఇంట్లో విప్పడానికి వీలున్నవన్నీ విప్పారు. ఫ్యాను, కుట్టుమిషను, మిక్సీ, గోడగడియారం. మళ్ళీ బిగించినప్పుడు అవి ముందుకంటే బాగానే పనిచేశాయి, అదే పెద్ద చిక్కయింది. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. మాటలు తగ్గిపోయాయి. అత్తయ్యగారు పనిగట్టుకుని పోట్లాటకు పిలిచినా వచ్చేవారు కాదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఎన్నో చూశారు గానీ, ఎదురుమాట్లాడని మొగుణ్ణి చూడటం అదే మొదటిసారి. వంటింట్లో నా పక్కన చేరి, ఈయన ఇలా ఊరుకుంటే నాకు భయంగా ఉందే అన్నారు.

ఆ సమయంలో పై అంతస్తు వాళ్ళు మెట్ల కింద ఒక చక్రాల కుర్చీ పడేశారు. వాళ్ళమ్మగారి తుంటి బాగై, ఆవిడ లేచి తిరుగుతున్నారు, ఇక దాంతో పనిలేదు. మామయ్యగారు దాన్ని రెండుసార్లు దాటి వెళ్ళారు. మూడోసారి దాటలేకపోయారు. సాయంత్రానికి అది కొత్త పెళ్ళికూతురిలా తయారైంది. పక్కవీధిలో ఎవరికో కాలు విరిగితే ఇచ్చారు. వాళ్ళు తిరిగిస్తూ తమ దగ్గరున్న వాకరు కూడా ఇచ్చారు. అలా ఊతకర్రలు, మడతమంచాలు, వాకర్లు ఒక్కటొక్కటే వచ్చి చేరాయి. కింద పంపు గది పక్కన ఖాళీగా ఉన్న గదిని భవనం కమిటీ వాడుకోమంది. కావలసినవాళ్ళు ఊరికే తీసుకెళ్ళచ్చు, పనయ్యాక తెచ్చివ్వాలి, అంతే. మామయ్యగారు పొద్దున్నే స్పానర్ల సంచీతో కిందకి దిగేవారు, భోజనానికి పిలిస్తే విసుక్కునేవారు. ఆ విసుగు విని అత్తయ్యగారి మొహం వెలిగిపోయేది.

అయితే ఎవరి తర్వాత ఎవరికివ్వాలో అంతా ఆయన బుర్రలోనే ఉండేది. ఒకే కుర్చీని ఇద్దరికి మాటిచ్చిన రోజున నేను రంగంలోకి దిగాను. నేను డిగ్రీలో గణితం చదివాను. అప్పటినుంచీ ఆ గణితాన్ని కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టడానికి వాడుతున్నాను. పెద్దగా కోడ్ రాయనక్కర్లేకుండా యాప్ తయారుచేసుకునే పద్ధతి ఒకటుందని మా అమ్మాయి చూపించింది. వస్తువులకో పట్టిక, మనుషులకో పట్టిక. వాటి మీద ఫలానాది జరిగితే ఫలానాది చెయ్యి అని మనం షరతులు పెట్టుకోవచ్చు. వీటిని ట్రిగ్గర్లంటారు. ఒకసారి పెట్టామంటే మనం చెప్పకుండానే వాటంతటవే పనిచేస్తాయి. ఇంట్లో ఇంతవరకూ నేను చెప్పకుండా జరిగిన పని లేదు కాబట్టి నాకు చాలా ముచ్చటేసింది.

మూడు ట్రిగ్గర్లు పెట్టాను. ఏ వస్తువైనా ‘తిరిగొచ్చింది’ అని గుర్తు పెట్టగానే, శుభ్రం చేయమని నా ఫోనుకు కబురొస్తుంది. నట్లూ బ్రేకులూ తనిఖీ చేయమని మామయ్యగారికి కబురు వెళుతుంది. ఆ వస్తువు కోసం వరసలో ఉన్నవాళ్ళకు ‘సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్ళండి’ అని వెళుతుంది. నా మనసులో ఇవి ఒకదాని తర్వాత ఒకటి. తెర మీద కూడా అదే వరసలో, ఒకదాని కింద ఒకటి రాశాను. ఇక చాలదా?

చాలదు. ఆ మూడూ ‘తిరిగొచ్చింది’ అన్న ఒక్క గుర్తుకే వేలాడుతున్నాయి. గుర్తు పడగానే మూడూ ఒక్కసారే లేచేవి. తర్వాత ఎవరికి వారే యమునా తీరే. పైగా కబురు పంపడం అన్నిటికంటే తేలిక పని, కాబట్టి అదే ముందు పూర్తయ్యేది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తుడిచిందీ లేదు, చూసిందీ లేదు, కుర్చీ మాత్రం సిద్ధం. కొన్నాళ్ళ పాటు మనుషులు తీరిగ్గా వచ్చేవాళ్ళు కాబట్టి ఈ సంగతి బయటపడలేదు.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మేడమ్ ఒకావిడ ఎదురు భవనంలో ఉంటారు. ఆవిడకు కబురందుకోవడమంటే గడప దాటడమే. వాళ్ళక్కగారికి పాదం బెణికిందని కుర్చీ కోసం వరసలో ఉన్నారు. కబురు రాగానే వచ్చేశారు. మామయ్యగారు పైన భోంచేస్తున్నారు. రెండో తాళంచెవి కమిటీ కార్యదర్శి దగ్గరుంటుంది. ఆయన్ని మేమంతా చాటుగా రూల్సుగారంటాం. ఆయన ఆవిడ ఫోనులో ‘సిద్ధంగా ఉంది’ అని చదివి, రూలు ప్రకారమే గది తీసి కుర్చీ ఇచ్చారు. గేటు బయట దారి పల్లంగా ఉంటుంది. అక్కడ ఆవిడ కుర్చీ ఆపి, బ్రేకు వేసి, దాని మీద చేతిసంచీ పెట్టి గొడుగు విప్పుకుంటున్నారు. బ్రేకు వేసినట్టే ఉంది, పట్టలేదు. చేతిసంచీని ఎక్కించుకుని కుర్చీ దర్జాగా వెళ్ళి, రూల్సుగారి కొత్త స్కూటరు లైటు పగలగొట్టింది.

రూల్సుగారు అరవలేదు. అరిచే మనిషయితే బాగుండేది. సాయంత్రం మా ఇంటికొచ్చి, కాఫీ వద్దని, నిలబడే మామయ్యగారితో మాట్లాడారు.

“బాబాయిగారూ, లైటు సంగతి వదిలేయండి. ఆ కుర్చీలో సంచీకి బదులు మనిషుంటే?”

ఇంకొక్క పొరపాటు జరిగితే గది మూసేయాల్సి వస్తుందన్నారు. కమిటీ కుర్చీలూ పాత ఫైళ్ళూ పెట్టుకోవడానికి ఎలాగూ చోటు లేదట. వెళుతూ వెళుతూ కింద ఆగి, జేబులోంచి కొలత టేపు తీసి ఆ గది గుమ్మం వెడల్పు చూసుకున్నారని మా అమ్మాయి చెప్పింది.

మర్నాడు మామయ్యగారు ఆ బ్రేకు బిగించి, కుర్చీ స్వయంగా తీసుకెళ్ళి పోస్టాఫీసు మేడమ్‌కి ఇచ్చి వచ్చారు. వచ్చి కిటికీ పక్క కూర్చున్నారు. అత్తయ్యగారు కాఫీ చల్లారిపోతోందన్నారు. సరే అన్నారు. చక్కెర వేయలేదు అన్నారు ఆవిడ, అబద్ధమే. దానికీ సరే అన్నారు. ఆ కిటికీ పక్క కుర్చీని ఎప్పటినుంచో పాతసామాను వాడికిచ్చేద్దామనుకుంటున్నాను. ఆ రోజు దాన్ని చూస్తే నాకు నిజంగా కోపమొచ్చింది.

తప్పు యాప్‌ది. యాప్ నాది. కాబట్టి కూర్చున్నాను.

మొదట ట్రిగ్గర్ల పేర్లు మార్చాను. ‘ఒకటి, శుభ్రం’. ‘రెండు, తనిఖీ’. ‘మూడు, కబురు’. పేరులో అంకె ఉంటే అది సిగ్గుపడి ఆ వరసలో నడుస్తుందని నా నమ్మకం. పాత ఊతకర్ర ఒకదాన్ని ‘తిరిగొచ్చింది’ అని గుర్తుపెట్టి చూస్తే, మూడో నంబరు పరుగెత్తుకుంటూ ముందొచ్చింది. మా ఇంట్లో ఐదుగురి నుదుటి మీదా అంకెలు రాసి స్నానాలకు తోలినా ఇంతే జరిగేది. ఆ యాప్ తాలూకు సహాయం పేజీలు తిరగేస్తే, ఒకే మార్పు మీద ఆధారపడ్డ ట్రిగ్గర్లలో ఏది ముందు నడుస్తుందో చెప్పలేమని, దాన్ని నమ్ముకోవద్దని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. ముఖ్యమైన సంగతులు చిన్న అక్షరాల్లోనే ఉంటాయని బీమా వాడి భార్యగా నాకు ముందే తెలిసుండాలి.

తర్వాత మా ఆయన సలహా. పేపరు మడవకుండానే, మధ్యలో ఎడం పెట్టమన్నారు. శుభ్రానికి ఇంత టైము, తనిఖీకి ఇంత టైము, అది దాటాక కబురు వెళ్ళేట్టు. బాగానే ఉందనిపించింది. పెట్టాను. కొన్నాళ్ళు చక్కగా నడిచింది కూడా. మామయ్యగారు కబురొస్తే కిందకి దిగి, పనయ్యాక మళ్ళీ కిటికీ పక్కకే చేరేవారు. మా ఆయన ఆ కొన్నాళ్ళూ నన్ను చూసినప్పుడల్లా ఒక చిరునవ్వు నవ్వేవారు. పెళ్ళయిన ఆడవాళ్ళకు ఆ నవ్వు తెలుసు.

అప్పుడొక వాకరు తిరిగొచ్చింది. దాని కాలికి రబ్బరు తొడుగు ఊడిపోయింది. అలాంటి తొడుగు కోసం మామయ్యగారు బజారెళ్ళారు. మొదటి కొట్లో లేదు, రెండో కొట్లో లేదు. యాప్‌కి ఇవేమీ తెలియవు. ఎడం పూర్తవగానే కబురు పంపేసింది. వీధి చివర ప్లంబరు వాళ్ళమ్మ కోసం వచ్చేశాడు. నేను మెట్లు దిగుతూ కిటికీలోంచి అతన్ని చూశాను. గేటు దగ్గరే ఆపి, మా ఇంట్లో కారని కొళాయి ఒకటి కారుతోందని మొదలుపెట్టాను. ఎలా కారుతుందో, ఎప్పుడెప్పుడు కారుతుందో, ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పాను. పాపం అతను వాషరు పోయిందన్నాడు, పైపు మార్చాలన్నాడు, వచ్చి చూస్తానన్నాడు. ఇంతలో మామయ్యగారు తొడుగు జేబులో వేసుకుని రావడం కనిపించింది. కొళాయి దానంతటదే బాగైపోయింది.

రూల్సుగారికి ఈ సంగతి తెలియలేదు. నాకు తెలుసు. ప్రతిసారీ గేటు దగ్గర నిలబడి కొళాయి కథ చెప్పలేను. ఇంకోసారి ఇలా జరిగితే గది పోతుంది, గదితో పాటు మామయ్యగారు పూర్తిగా ఆ కిటికీ పక్కకే పోతారు. ఈసారి లేవరేమో.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర నిలబడి ఇదే ఆలోచిస్తున్నాను. ఎడం ఎంత పెంచినా ఏదో ఒకరోజు పని అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. తగ్గిస్తే సరే సరి. గడియారానికి పని సంగతి ఏం తెలుసు? ఇంతలో మా ఆయన టవలు భుజాన వేసుకుని స్నానాల గది బయట నిలబడి, లోపలికి వినబడేట్టు, నాకు ఆఫీసు టైమవుతోంది అన్నారు.

“టైమెవడిక్కావాలిరా,” అన్నారు అత్తయ్యగారు కూరగాయలు తరుగుతూ. “మగ్గు ఎవరి దగ్గరుంది?”

చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాలు పొంగాయి. మామూలుగా అయితే ఆ మరక ఎవరి ఖాతాలో వేయాలా అని వెతుకుతాను. ఆ రోజు వెతకలేదు.

నేను చేసిన పొరపాటు అదే. మూడు ట్రిగ్గర్లనీ గుమ్మం ముందు నిలబెట్టి, ‘తిరిగొచ్చింది’ అని గంట కొట్టి, ఇక వెళ్ళండి అన్నాను. మా ఆయన వాటికి తలా ఒక గడియారం ఇచ్చారు. ఎవరి చేతికీ మగ్గు ఇవ్వలేదు.

మధ్యాహ్నం పట్టికలో కొత్త గడి ఒకటి చేర్చాను. దానికి దశ అనో స్థితి అనో గంభీరమైన పేరు పెట్టాలి. నేను ‘మగ్గు’ అని పెట్టాను. వస్తువు తిరిగి రాగానే మగ్గు నా దగ్గరకొస్తుంది, శుభ్రం చేయమని నాకు కబురొస్తుంది. నేను తుడిచి ‘అయింది’ అని నొక్కితే తప్ప మగ్గు మామయ్యగారి దగ్గరకు వెళ్ళదు. మగ్గు ఆయన దగ్గరకు వెళితేనే ఆయనకు కబురు. ఆయన చూసి ‘అయింది’ అని నొక్కితేనే మగ్గు మూడోదాని దగ్గరకు, అప్పుడే బయటివాళ్ళకు కబురు. ఇప్పుడు ఆ మూడు ట్రిగ్గర్లలో ఏదీ ‘తిరిగొచ్చింది’ వైపు చూడదు, మగ్గు వైపే చూస్తుంది. ముందువాడి పని పూర్తికానిదే వెనకవాడికి లేచే దారే లేదు. మూడోది అయ్యాక, మళ్ళీ మొదటికి రావాలి కదా అని, మగ్గును తిరిగి నా దగ్గర పెట్టాను.

పరీక్షకు ఆ పాత ఊతకర్రనే తీసుకుని, వరసలో మా ఆయన పేరు రాశాను. ప్రతిదానికీ తుడవడం, చూడటం ఎందుకని, పరీక్ష కదా అని, ‘అయింది’ అన్నవి వాటంతటవే నొక్కుకునేలా పెట్టాను. కబురు వెళ్ళింది. నాకు భలే సంతోషమేసింది. తర్వాత ఇంకోటి వెళ్ళింది. ఇంకోటి. మగ్గు గుండ్రంగా తిరుగుతోంది, ఆగడంలేదు. మా ఆయన ఆ సమయంలో పై అధికారుల ముందు కూర్చుని ఉన్నారట. ఫోను బల్ల మీద పెట్టారట. ‘మీ ఊతకర్ర సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్ళండి’ అని అది ఆపకుండా మెరుస్తుంటే, మేనేజరుగారు తొంగిచూసి, కాలికేమైందండీ అని ఎంతో ఆప్యాయంగా అడిగారట. ఆయన నాకు ఫోన్ చేసి ఒక్కటే మాటన్నారు. అది ఇక్కడ రాయను.

నేను కంగారుగా ఎక్కడ ఆపాలో వెతుకుతుంటే అత్తయ్యగారు భుజం మీంచి చూసి, ఏమైందే అని అడిగారు. మగ్గు ఆగట్లేదు అత్తయ్యగారూ, ఆఖరివాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ మొదటికొచ్చేస్తోంది అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూశారు. “మేకు పెట్టలేదా?”

పెట్టలేదు. ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆ మగ్గును మేకుకు తగిలించేదాన్ని నేనే. అయినా నాకు తట్టలేదు. ఆఖరి ట్రిగ్గరు పనయ్యాక మగ్గును ‘మేకు’ దగ్గర పెట్టేట్టు రాశాను. మేకు వైపు చూసే ట్రిగ్గరు ఒక్కటీ లేదు. మళ్ళీ ఒక వస్తువు తిరిగొస్తే తప్ప దాన్ని దించేవాళ్ళు లేరు. ‘అయింది’ అన్నది కూడా మళ్ళీ మనుషులే నొక్కేట్టు మార్చాను. మా ఆయన ఫోను శాంతించింది. ఆయన శాంతించడానికి రాత్రి భోజనం దాకా పట్టింది.

మామయ్యగారికి ఇదంతా చెప్పాను. కిటికీ దగ్గర్నుంచి కదలకుండా విన్నారు. చివర్న, నేను నొక్కకపోతే అది ఎవరికీ వెళ్ళదా అని అడిగారు. వెళ్ళదన్నాను. నేను పూటంతా నొక్కకపోయినా? వెళ్ళదండి అన్నాను. ఆయన లేచి స్పానర్ల సంచీ ఎక్కడుందని అడిగారు.

అసలు పరీక్ష అనుకోకుండా వచ్చింది. వెనకవీధిలో దర్జీ పనిచేసే అమ్మాయి ఉంది. వాళ్ళాయన కట్టడం పని మీద పరంజా నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి ఆ రోజే ఇంటికి పంపుతున్నారు. చక్రాల కుర్చీ కోసం తనే వరసలో ముందుంది. పోస్టాఫీసు మేడమ్ వాళ్ళక్కగారి పాదం నయమై, పొద్దున్నే కుర్చీ తెచ్చిచ్చారు. ‘తిరిగొచ్చింది’ అని గుర్తు పెట్టాం. మగ్గు నా దగ్గరకొచ్చింది. తుడిచి, ఎండలో పెట్టి, ‘అయింది’ నొక్కాను. మగ్గు మామయ్యగారి దగ్గరకు వెళ్ళింది.

దర్జీ అమ్మాయి కబురు కోసం ఆగలేక ముందే వచ్చి గుమ్మంలో నిలబడింది, మెడలో టేపు, చేతిలో ఫోను. కాసేపటికి రూల్సుగారు కూడా వచ్చారు, చేతిలో ఆయన టేపు. కొత్త పద్ధతి ఎలా ఉందో చూద్దామని వచ్చానన్నారు. గదిని మూల నుంచి మూలకు ఒకసారి కొలిచారు కూడా, ఊరికేనట.

మామయ్యగారు కుర్చీ పక్కన కింద కూర్చుని ముందు చక్రం తిప్పి చూశారు. బ్రేకు వేసి తోసి చూశారు. పెదవి విరిచి, సంచీ విప్పారు.

కబురు రాలేదు. దర్జీ అమ్మాయి ఫోను వైపు చూసింది. రూల్సుగారు నా వైపు చూశారు. “ఏమ్మా, మీ యాప్ ఆగిపోయినట్టుంది?”

ఫోను తీసి చూశాను. అన్నీ ఉండాల్సినచోటే ఉన్నాయి.

“ఆగలేదన్నయ్యగారూ. మగ్గు మా మామయ్యగారి దగ్గరుంది.”

ఆయన గదంతా చూశారు. మగ్గు ఎక్కడా కనబడలేదు. నేను మొత్తం విడమరిచి చెప్పాను. మధ్యలో మా స్నానాల గది సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది, తప్పలేదు. ఆయన రూళ్ళ మనిషి కదా, గడియారం కాగితం చించేశారన్నచోట కాస్త బాధపడ్డారు గానీ, శ్రద్ధగా విన్నారు.

ఈలోగా దర్జీ అమ్మాయికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. బండి బయల్దేరబోతోందట. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తాతగారూ, ఎలా ఉన్నది అలాగే ఇచ్చేయండి. నేను పట్టుకుంటాలెండి.”

మామయ్యగారు తలెత్తి చూశారు. ఆయన చేతికి గ్రీజు, ఫోను పక్కనే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు, అందరి మొహాలూ విప్పారతాయి. నేనైతే నొక్కేసేదాన్నేమో.

“నువ్వెంతసేపని పట్టుకుంటావమ్మా? ఇంట్లో వంటుంది, మిషనుంది. పట్టుకోవాల్సింది బ్రేకు,” అన్నారాయన. అని, పనిలో పడ్డారు.

బ్రేకు కడ్డీకీ చక్రానికీ మధ్య ఎడం రెండువైపులా సమానంగా ఉండాలట. ఆయన తలెత్తకుండానే చెయ్యి చాచారు. దర్జీ అమ్మాయి టేపు గుడ్డది, వంగిపోతుంది. రూల్సుగారు ఒక్కక్షణం ఆగి, తన ఇనపటేపు ఆ చేతిలో పెట్టారు. మామయ్యగారు కొలిచి, నట్టు తిప్పి, మళ్ళీ కొలిచి, గుడ్డతో చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి, కళ్ళజోడు సర్దుకుని నొక్కారు.

దర్జీ అమ్మాయి ఫోను టింగుమంది. ఎదురుగా నిలబడి, కుర్చీ మీద ఒక చెయ్యి వేసి, ‘సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్ళండి’ అని ఆ పిల్ల పైకి చదివింది. చదివి నవ్వేసింది. వచ్చే ఉన్నాను కదా అంది.

మామయ్యగారు కుర్చీని గేటు దాకా తనే నడిపించారు. పల్లం దగ్గర ఆగారు. అక్కడే, కొంచెం కిందుగా, రూల్సుగారి స్కూటరు కొత్త లైటుతో నిలబడి ఉంది. మామయ్యగారు బ్రేకు వేసి, దర్జీ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ తీసేసి వెనక్కి జరిగారు. రూల్సుగారు గబుక్కున స్కూటరుకు అడ్డం నిలబడ్డారు. కుర్చీ కదల్లేదు. దర్జీ అమ్మాయి అటూ ఇటూ ఊగి చూసింది. అయినా కదల్లేదు. రూల్సుగారు స్కూటరు దగ్గర నిలబడి ఇంకా కాసేపు చూశారు, తర్వాత తనే కుర్చీని తోసుకుంటూ ఆ పిల్లతో పాటు వెనకవీధి మలుపు దాకా వెళ్ళారు.

హడావుడిలో ఆయన టేపు మా దగ్గరే ఉండిపోయింది. మామయ్యగారు ఊరికే ఏదీ ఉంచుకోరు. దాన్నీ యాప్‌లో ఎక్కించమన్నారు. ఎక్కించాక అది కూడా వస్తువే కదా. నేను తుడిచాను. ఆయన లాగి వదిలి తనిఖీ చేశారు. సాయంత్రం రూల్సుగారి ఫోనుకు కబురు వెళ్ళింది, ‘మీ వస్తువు సిద్ధంగా ఉంది’.

ఆయన కింద గదికి వచ్చి టేపు తీసుకున్నారు. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, ఈ గది కమిటీకి సరిపోదులెండి బాబాయిగారూ, కొలిచాను కదా, ఇరుకు అన్నారు. నాకు తెలిసి ఆ గదిలో కమిటీ అంతా పడుకోవచ్చు. తర్వాత జేబులోంచి తన దగ్గరున్న తాళంచెవి తీసి, ఇక ఇది నా దగ్గరుండకూడదమ్మా, మగ్గు నా దగ్గర లేనప్పుడు నేను తలుపు ముట్టుకోకూడదు కదా అని, లోపల గుమ్మం పక్క మేకుకు తగిలించారు. మనిషి రూలు పట్టుకున్నాడంటే అంత తేలిగ్గా వదలడు. వెళ్ళేముందు గొంతు తగ్గించి, మా అమ్మకు వాకరొకటి కావాలి, వరస పెద్దదా అని అడిగారు. ముందు ఒక్కరే ఉన్నారని చెప్పి ఆయన పేరు రాసుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున మా ఇంట్లో పెద్ద గొడవైంది. అత్తయ్యగారు మేకు దగ్గరకు వెళితే మగ్గు లేదు. టవళ్ళు భుజాన వేసుకుని మా ఆయన, అమ్మాయి, నేను వరసలో నిలబడ్డాం. మగ్గు లేకుండా తలుపు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. మగ్గు ఎవరి దగ్గరుందని అందరం అందరినీ అడిగాం. చివరికి అత్తయ్యగారు కిటికీ దగ్గరకు వెళ్ళి కిందకి చూశారు.

మామయ్యగారు స్నానం కూడా చేయకుండా కింద గది ముందు కూర్చుని ఉన్నారు. ఎర్ర మగ్గు నిండా కిరోసిను పోసి, తుప్పు పట్టిన నట్లు నానబెట్టుకుంటున్నారు.

అత్తయ్యగారు కిటికీలోంచి మొదలుపెట్టారు. మగ్గు ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో, డిపోలో ఇలాగే చేసుంటే ఉద్యోగంలో ఎన్నాళ్ళు ఉంచేవారో అడిగారు. కింద నుంచి జవాబొచ్చింది. ఈవిడ ఒకటంటే ఆయన రెండన్నారు. ఎదురు భవనంలో పోస్టాఫీసు మేడమ్ కూడా కిటికీ తెరిచి సర్దుకుని కూర్చున్నారు. మా ఆయన ఆఫీసు టైమవుతోందన్నారు, ఎవరూ వినలేదు. మాటలు మరీ ముదురుతుంటే, ఇక చాల్లెండి అత్తయ్యగారూ అనబోయాను.

ఆవిడ వెనక్కి తిరిగి, కళ్ళు మెరుస్తుండగా నన్ను చూసి, నువ్వూరుకోవే అని, కిటికీ పక్క కుర్చీ దగ్గరకు లాక్కుని, దాని మీద ఒక మోకాలు ఆనించి, ఇంకా బాగా వినబడేట్టు ముందుకు వంగారు.